గేటు వేసింది నేనే

గవరమ్మ కథ నా దగ్గర పదిహేడు భాగాలే ఉంది.
పద్దెనిమిదో వారం కాగితంలో
ఎవరో వేరుశనక్కాయలు పొట్లం కట్టేశారట.
పెద్దమ్మ పురికొసతో కుట్టిన ఆ వారపత్రికల కట్ట
ఇప్పుడు లెస్టర్‌లో, నార్‌బరో రోడ్డు మీద
కబాబుల కొట్టు పైగదిలో
హీటరు వేడికి అంచులు ముడుచుకుంటోంది.

రైలు గేటు కాసే మనిషి గవరమ్మ.
రెండు జెండాలు, ఒక నీళ్ళ కూజా, ఒక కుంటి కుక్క.
ఎనిమిదో భాగంలో మిల్లు యజమాని కారు
గేటు ముందు పావుగంట హారన్ కొడుతుంది.
ఆమె చేతిలో చద్దన్నం ముద్ద దించదు, గొంతు పెంచదు.
"బండొస్తాది. బండెళ్తాది. అప్పుడు తమరెళ్తారు."
ఎవడే నీకు చెప్పింది గేటు వెయ్యమని, అంటాడతను.
స్టేషన్ మాస్టరు పేరు చెప్పదు, రూలు చెప్పదు.
"ఏసింది నానే" అంటుంది.
బండి వెళ్ళాక గేటెత్తి
తిట్టిన ఆ నోటికే కూజాలోంచి నీళ్ళు వంచుతుంది.

నేను ఈ ఊళ్ళో కార్లకి జరిమానా చీటీలు రాసే మనిషిని.
నల్ల కోటు, పసుప్పచ్చ కవర్లు, నడుముకి చిన్న ప్రింటరు.
రోజుకి పది మైళ్ళు నడుస్తాను.
పదిమంది తిడతారు, అందులో ఒకరిద్దరు తెలుగులో,
నాకు రాదనుకుని.
వైపర్ కింద కవరు దోపి
ఎప్పుడూ ఒకటే మాట చెబుతాను:
"సిస్టమ్ ఒప్పుకోదండీ."
ఒప్పుకుంటుంది.
రద్దు మీట నా బొటనవేలికి అందేంత దూరంలోనే ఉంటుంది.
తొమ్మిదేళ్ళుగా ఆ మాట వెనక
ఈదురుగాలికి గోడచాటున నక్కినట్టు నక్కాను.

ఆదివారం రాత్రి మినప్పప్పు కడుగుతూ అనుకున్నాను,
రేపట్నించి గవరమ్మలా ఉంటానని.
అన్నీ అక్కర్లేదు.
అక్క రాసిన ఉత్తరం విప్పకుండా
పన్నెండు భాగాలపాటు దూలంలో దోపి ఉంచావు చూడు,
ఆ పంతం నీ దగ్గరే ఉంచుకో తల్లీ,
నాకు సొంతానిది చాలినంత ఉంది.
ఆ "నేనే" ఒక్కటీ ఇయ్యి.
వీలైతే కూజా.

సోమవారం వాన. ఎవరూ ఏమీ అడగలేదు.
మంగళవారం లాండ్రీ ముందు
జంట పసుపు గీతల మీద ఒక తెల్ల వ్యాను.
మోచేతులదాకా సున్నంతో పరుగెత్తుకొచ్చాడు,
గారెత్ అని పేరు వ్యాను మీదే రాసుంది.
"రెండంటే రెండు నిమిషాలు! ఎవరు రాయమన్నారు నిన్ను?"
నాలుక మీదకి వచ్చేసింది సిస్టమ్,
పిలవకుండానే ఒళ్ళోకెక్కే పిల్లిలా.
మింగాను.
"రాసింది నేనే" అన్నాను.
ఇంగ్లీషులో అది మరీ పొట్టిగా ఉంది,
దాక్కోడానికి అందులో ఒక్క మూలైనా లేదు.
గొంతు వణికింది.
గవరమ్మకి వణికినట్టు రచయిత ఎక్కడా రాయలేదు.
రాయనంత మాత్రాన
వణకలేదని ఇప్పుడనుకోను.

అతను కవరు చూశాడు, నన్ను చూశాడు.
బూతే అన్నాడు. కానీ నన్ను అన్నాడు.
తొమ్మిదేళ్ళలో మొదటిసారి ఒక తిట్టు
సరైన చిరునామాకి చేరింది.
భుజాన సంచిలో ఫ్లాస్కు నిండా అల్లం టీ.
ఇవ్వలేదు.
అంతవరకూ చెయ్యి రాలేదు.
బుధవారం రెండుసార్లు సిస్టమ్ అన్నాను కూడా.

చివరి భాగం పెద్దమ్మకీ సరిగ్గా గుర్తులేదు.
గేటు తీసేసి వంతెన కట్టారంటుంది ఫోన్లో ఒకసారి.
కుక్క చచ్చిపోతుందంటుంది ఇంకోసారి.
ఉత్తరం విప్పిందా పెద్దమ్మా, అంటే
ఏ ఉత్తరమే, అంటుంది.

ఈ సాయంత్రం డ్యూటీ దిగి మలుపులో నిలబడ్డాను.
ఎర్రబొమ్మ వెలుగుతోంది. పక్కవాళ్ళంతా దాటేశారు.
నేను ఫ్లాస్కు తీసి, ఊపి,
ఇంకా ఎంతుందో చూసుకుంటూ ఆగాను.
బస్సొచ్చింది.
బస్సెళ్ళింది.